లెంట్ గృహ కూడికల్లో అహింస, సమాధానం: ఆరు శుక్రవారాలు ఎలా నడపాలి?

అడిగినవారు: వైట్‌ఫీల్డ్_తెలుగు_సంఘం

అందరికీ వందనాలు. బెంగళూరు తూర్పు వైపున్న మా తెలుగు సంఘంలో 2027 లెంట్ (ఈస్టర్‌కి ముందు నలభై రోజుల ఉపవాస కాలం) గృహ కూడికల బాధ్యత నలుగురం చూస్తున్నాం. బూడిద బుధవారం ఫిబ్రవరి 10, ఈస్టర్ మార్చి 28. మంచి శుక్రవారానికి ముందు ఆరు శుక్రవారాలు దొరుకుతాయి. ఏటా "సిలువ శ్రమలు" అనే పెద్ద శీర్షిక కింద ఎవరికి తోచింది వాళ్ళు చెప్పేవారు. ఈసారి అహింస, సమాధానపరచడం అనే అంశం ఒక్కటే పట్టుకుందామంటే అయ్యగారు ఒప్పుకున్నారు.

ఒక్కో ఇంట్లో 15 నుంచి 20 మంది ఉంటారు. గుంటూరు లూథరన్లు, ఒంగోలు బాప్టిస్టులు, నంద్యాల, కడప వైపు సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం) వాళ్ళు, ఏ మిషనుకూ చెందని స్వతంత్ర సంఘాలవాళ్ళు అందరూ కలిసే వస్తారు. కొందరికి లెంట్ పాటించడమే కొత్త. గుడి కూడా మా ఒక్కరిదే కాదు. ఉదయం కన్నడ ఆరాధన, తర్వాత తమిళం, పదకొండున్నరకి మేము.

నాలుగు విషయాల్లో సాయం కావాలి. ఏ వాక్యభాగాలు ఏ వరుసలో పెట్టాలి? విని వెళ్ళిపోకుండా చేయడానికి ఏం పని ఇవ్వాలి? "యేసు కొరడా పట్టలేదా, కత్తి కొనుక్కోమనలేదా" అనేవాళ్ళకి ఏం చెప్పాలి? చివరిది కష్టమైనది: కమిటీ ఎన్నికల తర్వాత రెండు కుటుంబాలు మాట్లాడుకోవడం లేదు. పవిత్ర గురువారం పాదాలు కడిగే ఆరాధనలో వాళ్ళని ముందుకు పిలిచి కలిపేద్దామని కొందరు పెద్దలు అంటున్నారు. అది సరైనదేనా?

---

వాక్యధ్యానం_కమ్మనహళ్లి

బ్రదర్, మొదటి ప్రశ్నకి నేను చెబుతాను. "సమాధానపరచువారు ధన్యులు" దగ్గర మాత్రం మొదలుపెట్టకండి. ఆ వచనం అందరికీ కంఠస్థం. తలలూపి, ఆమెన్ చెప్పి, టీ తాగి వెళ్ళిపోతారు.

బూడిద బుధవారం నాడు యెషయా 58:1-12 చదవండి. ఆ రోజుకి చాలా సంఘాల పాఠ్యపట్టికలో ఉన్న భాగమే. ఉపవాసముంటూనే కలహపడుతూ పిడికిలితో కొట్టుకునేవాళ్ళ గురించి నాలుగో వచనంలో ఉంది. లెంట్ ఉపవాసానికీ అహింసకీ సంబంధమేమిటని అడిగేవాళ్ళకి ఆ ఒక్క వచనం చాలు.

మొదటి శుక్రవారం మత్తయి 4:1-11. మూడో శోధన దగ్గర ఆగండి. తనకి మొక్కితే లోకరాజ్యాలన్నీ ఇస్తానన్నాడు అపవాది. లక్ష్యం మంచిదైతే ఏ దారైనా ఫర్వాలేదన్నది అక్కడి శోధన. సిలువ దారి ఎంచుకోవడం అరణ్యంలోనే మొదలైందని ఆ రోజే తెలిస్తే మిగతా వారాలు వాటంతట అవే నడుస్తాయి.

రెండో శుక్రవారం మత్తయి 5:38-48. దీనికి ఎక్కువ సమయం ఉంచండి, తప్పుగా అర్థమయ్యేది ఇక్కడే. ప్రభువు "కుడిచెంప" అని చెప్పాడు. ఎదురుగా ఉన్నవాడి కుడిచెంప మీద కుడిచేత్తో కొట్టాలంటే చేతి వెనుకవైపుతో కొట్టాలి. అది దెబ్బ తగలాలని కొట్టేది కాదు, నువ్వు నాకంటే తక్కువవాడివని చెప్పడానికి కొట్టేది. యూదుల పాత ధర్మశాస్త్ర సంకలనం మిష్నాలో మామూలు చెంపదెబ్బకి 200 జూజులు (వెండి నాణేలు), చేతి వెనుకవైపుతో కొడితే 400 జూజుల పరిహారం రాసి ఉంది. అవమానానికి రెట్టింపు అన్నమాట. రెండో చెంప తిప్పినవాడు పారిపోవడం లేదు, తిరిగి కొట్టడం లేదు, తల దించుకోవడమూ లేదు. అంగీ అడిగినవాడికి పైవస్త్రం కూడా ఇవ్వమన్న మాటని నిర్గమకాండం 22:26-27 పక్కన పెట్టి చదవండి. పేదవాడి దగ్గర తాకట్టు పెట్టుకున్న పైవస్త్రాన్ని సూర్యాస్తమయంలోగా తిరిగి ఇచ్చెయ్యాలన్నది ధర్మశాస్త్రం. అదీ తీసుకుపో అంటే అప్పిచ్చినవాడి అన్యాయం అందరి ముందూ బయటపడుతుంది. ఒక మైలు, రెండు మైళ్ళ మాట రోమా సైన్యం దారినపోయేవాళ్ళ చేత బలవంతంగా చేయించే వెట్టి గురించి. కురేనీయుడైన సీమోను మీద సిలువ మోపింది కూడా ఆ అధికారంతోనే.

ఇంత వివరం ఎందుకంటే, "యేసు తన్నులు తినమన్నాడు" అని చెప్పే ప్రసంగం బలహీనుల మీద ఇంకో బరువు అవుతుంది. యోహాను 18:23 కూడా అదే రోజు చదవండి. ప్రధానయాజకుని ఎదుట బంట్రౌతు చెంప మీద కొడితే ప్రభువు మౌనంగా ఊరుకోలేదు. నా మాటలో తప్పుంటే చెప్పు, లేకపోతే నన్నెందుకు కొడుతున్నావని అడిగాడు. తన బోధకి ఆయనే చూపించిన మాదిరి అది.

మూడో వారం లూకా 9:51-56. యెరూషలేముకి ప్రయాణం మొదలయ్యేది అక్కడే. సమరయ గ్రామం చేర్చుకోలేదని యాకోబు, యోహాను ఆకాశం నుంచి అగ్ని దింపమంటారా అని అడిగారు. ఆయన వాళ్ళని గద్దించి ఇంకో గ్రామానికి వెళ్ళిపోయాడు.

నాలుగో వారం 1 సమూయేలు 25, నాబాలు భార్య అబీగయీలు. ఈ అధ్యాయాన్ని స్త్రీల సమాజం వాళ్ళే నడిపిస్తే బాగుంటుంది. నాబాలు చేసిన అవమానానికి దావీదు నాలుగువందలమందితో కత్తులు కట్టుకుని వస్తుంటే ఆమె రెండువందల రొట్టెలు, రెండు ద్రాక్షారసపు తిత్తులు, వండిన గొర్రెలు ఐదు, ఇంకా వేయించిన ధాన్యం, ఎండు పళ్ళ ముద్దలు గాడిదల మీద వేయించి ఎదురెళ్ళింది. ఆమె ఏ క్రమంలో ఏం మాట్లాడిందో బోర్డు మీద రాయించండి. దిగడం, వినమని అడగడం, భర్త తప్పు దాచకుండా ఒప్పుకోవడం, నిరపరాధుల రక్తం నీ మనస్సాక్షి మీద ఉండకూడదని దావీదుకే అతని భవిష్యత్తు గుర్తుచేయడం. మధ్యవర్తిత్వం నేర్పడానికి పాత నిబంధనలో ఇంతకంటే మంచి అధ్యాయం నాకు కనిపించదు.

ఐదో వారం ఎఫెసీ 2:11-22. "మధ్యగోడ" గురించి చెప్పేటప్పుడు యెరూషలేము దేవాలయంలోని హెచ్చరిక రాయిని చూపించండి. అన్యులు (యూదులు కానివాళ్ళు) ఈ అడ్డుగోడ దాటితే తమ చావుకి తామే బాధ్యులని గ్రీకులో చెక్కిన రాయి 1871లో దొరికింది, ఇప్పుడు ఇస్తాంబుల్ మ్యూజియంలో ఉంది. ఆ ఫోటో ఒక్కటి ఫోన్‌లో చూపించి "మన సంఘంలో ఇలాంటి రాయి ఎక్కడుంది?" అని అడగండి. కులం మాట రాకుండా ఈ వారం ముగిస్తే మాత్రం ఆ కూడిక పెట్టి ఉపయోగం లేదు. పెళ్ళి సంబంధాల్లో, కమిటీ ఓట్లలో ఊరి గీతలు బెంగళూరు దాకా వచ్చాయని అందరికీ తెలుసు, పైకి ఎవరూ అనరు. ఎవరి పేరూ ఎత్తకుండానే ఆ విషయం మాట్లాడవచ్చు.

ఆరో వారం మార్చి 19, మట్టల ఆదివారానికి రెండు రోజుల ముందు. లూకా 19:28-44, దానితో జెకర్యా 9:9-10. గాడిద పిల్ల సంగతి అందరూ చెబుతారు. పదో వచనంలో రథాలు, యుద్ధపు విల్లు లేకుండా చేస్తానన్న మాట చాలామంది వదిలేస్తారు. పట్టణాన్ని చూసి ప్రభువు ఏడ్చింది కూడా దాని సమాధాన సంబంధమైన సంగతులు దానికి తెలియలేదనే.

సమయం విషయం: ఔటర్ రింగ్ రోడ్ ట్రాఫిక్‌లో ఏడున్నరకి ముందు ఎవరూ చేరరు. పాటకి పది నిమిషాలు, వాక్యం రెండుసార్లు నెమ్మదిగా చదవడానికి పది, మాట్లాడుకోవడానికి ముప్పై, ఆ వారం చేయాల్సిన పని వివరించడానికి పది, ప్రార్థనకి పదిహేను. మొత్తం డెబ్బై ఐదు నిమిషాలు. ప్రసంగం వద్దు. ఒక్కరే నలభై నిమిషాలు మాట్లాడిన కూడికలో కుటుంబ గొడవలు, కులం లాంటి సంగతులు బయటికి రావు.

---

పాలమూరు_బ్రదర్

మూడో ప్రశ్నకి నా జవాబు. మా వైపు మెన్నొనైట్ బ్రెదరిన్ సంఘాలు యుద్ధం వద్దనే పాత సమాధాన సంఘాల వంశం కాబట్టి ఈ ప్రశ్న తరచూ వస్తుంది.

కొరడా ఉన్నది యోహాను 2:15లో మాత్రమే. త్రాళ్ళతో చేశాడు, గొర్రెల్ని ఎడ్లని తోలాడు. రూకలు మార్చేవాళ్ళ బల్లలు పడదోశాడు. పావురాలు అమ్మేవాళ్ళతో వీటిని తీసుకుపొండి అన్నాడు. గూళ్ళు తెరిచేస్తే పావురాలు ఎగిరిపోయి పేద అమ్మకందారుకి నష్టం వచ్చేది, అది చేయలేదు. ఏ మనిషికీ గాయమైనట్టు నాలుగు సువార్తల్లోనూ లేదు. అందుకని ఆ రోజు ఏమీ జరగనట్టు చెప్పడం కూడా తప్పే. దేవాలయ వ్యాపారాన్ని ఆయన బహిరంగంగా ఆపాడు. అన్యాయాన్ని అడ్డుకోవడం వేరు, మనుషుల్ని గాయపరచడం వేరు అన్న తేడా చూపించడానికి ఈ భాగం పనికొస్తుంది.

లూకా 22:36-38లో కత్తి కొనుక్కోమన్న వెంటనే, అపరాధులలో ఒకడిగా ఎంచబడ్డాడన్న యెషయా 53 మాట నెరవేరాలని ఆయనే కారణం చెప్పాడు. రెండు కత్తులున్నాయంటే చాలన్నాడు. పన్నెండుమంది రక్షణకి రెండు కత్తులు ఎలా చాలుతాయి? పన్నెండు వచనాలు కూడా దాటకముందే ఒక కత్తి బయటికి వచ్చింది, చెవి తెగింది, ఆయన ఆపి బాగుచేశాడు. కత్తిని ఒరలో పెట్టమన్న మత్తయి 26:52 ఆ సంఘటన గురించే. మిగతా ముగ్గురు సువార్తికులూ పేర్లు చెప్పరు, యోహాను ఒక్కడే పేతురు, మల్కు అని రాశాడు.

అధికారులకి లోబడమనే రోమా 13 ఎత్తేవాళ్ళకి, పగ తీర్చుకోవద్దనే రోమా 12:17-21 ముందుందని గుర్తుచేయండి. ప్రభుత్వం, యుద్ధం విషయంలో సంఘాలు ఒకే మాట మీద లేవని దాపరికం లేకుండా చెప్పండి. సంఘ పితరుడైన అగస్టీను కాలం నుంచి న్యాయమైన యుద్ధం అన్న ఆలోచన ఉంది. మెన్నొనైట్ల పూర్వీకులైన అనాబాప్టిస్టుల్లో ఎక్కువమంది ఆయుధం అసలు పట్టకూడదన్నారు. 1569లో హాలండ్‌లో డిర్క్ విల్లెమ్స్ అనే అనాబాప్టిస్టు చెర నుంచి తప్పించుకుని గడ్డకట్టిన నీటి మీద పరుగెత్తాడు. తరుముతున్నవాడు మంచు విరిగి మునిగిపోతుంటే వెనక్కొచ్చి పైకి లాగాడు. దానివల్లే మళ్ళీ దొరికిపోయాడు, అదే ఏడాది మే 16న ఆయన్ని సజీవంగా కాల్చేశారు. యూత్‌కి ఈ చరిత్ర చెప్పండి, కానీ "మీరూ ఇలాగే చావాలి" అన్న ధ్వని రానివ్వకండి.

ఇంకొకటి. బెంగళూరులో సైన్యానికి చెందిన మద్రాస్ ఇంజినీర్ గ్రూప్, ఏ.ఎస్.సి. సెంటర్ ఉన్నాయి, విమానాలు చేసే హెచ్.ఏ.ఎల్. ఉంది. మీ కూడికలో సైన్యంలోనో పోలీసులోనో పనిచేసే కుటుంబం ఉండే అవకాశం ఎక్కువ. వాళ్ళని బోనులో నిలబెట్టినట్టు మాట్లాడకండి. సైనికులు బాప్తిస్మమిచ్చు యోహానుని మేమేం చేయాలని అడిగితే లూకా 3:14లో ఇచ్చిన జవాబుతో మొదలుపెట్టండి: ఎవరినీ బాధపెట్టి లాక్కోవద్దు, అపనింద వేయొద్దు, జీతంతో తృప్తిపడండి. చేతిలో అధికారమున్న ప్రతివాడికీ అది వర్తిస్తుంది, కమిటీ సెక్రటరీకి కూడా.

---

లింగరాజపురం_అక్క

నాలుగో ప్రశ్నకి సూటిగా చెబుతాను తమ్ముడూ. పాదాలు కడిగే ఆరాధనలో ఆ రెండు కుటుంబాల్ని పిలవకండి. అందరూ చూస్తుండగా పిలిస్తే కాదనలేరు. కాదనలేని చోట జరిగేది ఒప్పందం కాదు. ఫోటోలో చేతులు కలుస్తాయి, మరుసటి ఆదివారం నుంచి ఒక కుటుంబం వేరే సంఘానికి వెళ్ళిపోతుంది. ఎవరు ఎవరి పాదాలు ముందు కడగాలన్న దగ్గరే కొత్త గొడవ మొదలవుతుంది. సమాధానం లేని చోట సమాధానం, సమాధానం అంటూ గాయాన్ని పైపైన బాగుచేసేవాళ్ళ గురించి యిర్మీయా 6:14లో ఉన్నది ఇదే.

సంఘంలో పనికొచ్చే పద్ధతి ఇది. ముందు ఇద్దరు మధ్యవర్తుల్ని చూడండి, ఒక స్త్రీ, ఒక పురుషుడు. రెండు వైపులా చుట్టరికం ఉండకూడదు, ఆ ఎన్నికల్లో ఎవరి తరఫునా తిరిగి ఉండకూడదు. మీ సంఘంలో దొరక్కపోతే తమిళ సంఘం నుంచో వేరే తెలుగు సంఘం నుంచో అడగండి. పాస్టర్ గారిని మధ్యవర్తిగా పెట్టొద్దు. రేపు రెండిళ్ళకీ ఆయన ప్రార్థనకి వెళ్ళాలి, పైగా ఎన్నికల గొడవల్లో ఆయన పేరు ఎక్కడో ఒకచోట ఉంటుంది.

తర్వాత విడివిడిగా వినాలి. ఒక్కో కుటుంబానికి గంట. మూడే ప్రశ్నలు: ఏం జరిగింది, దానివల్ల మీకేం పోయింది, ఏం జరిగితే మీకు సరిపోతుంది. విన్నది కాగితం మీద రాసి వాళ్ళకే చదివి వినిపించండి. చివరగా "ఇందులో అవతలివాళ్ళకి ఏం చెప్పవచ్చు, ఏం చెప్పకూడదు?" అని అడగండి. ఈ ప్రశ్న మరిచిపోతే మీరు మధ్యవర్తులు కారు, కబురు మోసేవాళ్ళు అవుతారు.

కలిపి కూర్చోబెట్టే ముందు కాగితాలు చూడాలి. ఎన్నికల గొడవంటే ఓటర్ల జాబితా, మినిట్స్ పుస్తకం, కానుకల లెక్క. ఎవరి పేరైనా జాబితాలోంచి అన్యాయంగా తీసేసి ఉంటే ముందు ఆ పేరు తిరిగి చేర్చాలి. లెక్క తేలకపోతే బయటి ఆడిటర్‌తో తేల్చుకోవాలి. లెక్కలో ఉన్న తేడాని ప్రార్థనతో పూడ్చడం సంఘాల్లో పదేపదే జరుగుతుంది, ఆ గొడవ మూడేళ్ళ తర్వాత పోలీస్ స్టేషన్‌లో తేలుతుంది.

ఆ తర్వాతే ఒకచోట కూర్చోవడం. వాళ్ళ ఇల్లూ వద్దు, వీళ్ళ ఇల్లూ వద్దు, బలిపీఠం ముందు అసలే వద్దు. సండే స్కూల్ గది చాలు. గంటన్నర దాటనివ్వకండి. మద్దతుదారులు లేకుండా ఒక్కో వైపు ఇద్దరే. ఫోన్లు బయట పెట్టించండి, రికార్డింగ్ భయం ఉన్నంతసేపు ఎవరూ నిజం మాట్లాడరు. ఒక్కొక్కరికి పది నిమిషాలు, మధ్యలో ఎవరూ అడ్డు రాకూడదు. జవాబు చెప్పేముందు అవతలివాళ్ళు చెప్పింది తన మాటల్లో చెప్పాలి, వాళ్ళు "అవును, అదే అన్నాను" అంటేనే జవాబు. వినడానికి చిన్నదే కానీ, కోపంలో ఉన్న మనిషికి అన్నిటికంటే కష్టమైన నియమం ఇది. గొంతులు లేస్తే పది నిమిషాలు ఆపి మంచినీళ్ళివ్వండి.

ఒప్పుకున్నది అరపేజీ రాయండి. ఎవరు, ఏం, ఎప్పటిలోగా. మాట అందరి ముందు అనుంటే క్షమాపణ కూడా అందరి ముందే, నలుగురి మధ్య అనుంటే నలుగురి మధ్యే. రెండు వారాల తర్వాత ఒకసారి, ఆరు వారాల తర్వాత ఒకసారి మధ్యవర్తులు ఫోన్ చేసి అడగాలి. ఈ పని ఫిబ్రవరి మూడో వారంలో మొదలుపెట్టండి, కానీ ఈస్టర్‌కి అయిపోవాలని గడువు పెట్టకండి. గడువు పెట్టిన చోట బలహీనులే ముందు తగ్గాల్సి వస్తుంది. ప్రార్థనలో సూటిపోటి మాటలు కూడా ఆపించండి. "ప్రభువా, కొందరి గర్వాన్ని విరగ్గొట్టు" అని అందరి ముందు ప్రార్థించడం కూడా దెబ్బే.

ఇక అతి ముఖ్యమైనది. పైన చెప్పినదంతా దాదాపు సమానమైన ఇద్దరి మధ్య పనికొస్తుంది. భర్త భార్యని కొట్టే ఇంట్లో పనికిరాదు. లెంట్‌లో క్షమాపణ గురించి ఆరు వారాలు మాట్లాడితే ఎవరో ఒక స్త్రీ మీ దగ్గరకొచ్చి "నేను ఇంకా ఓర్చుకోవాలా?" అని అడుగుతుంది. ఆ రోజుకి మీ జవాబు ఇప్పుడే సిద్ధంగా ఉండాలి. భార్యాభర్తల్ని ఎదురెదురుగా కూర్చోబెట్టి రాజీ చేయకండి, అక్కడ నిజం చెప్పినందుకు ఆ రాత్రి ఇంట్లో ఆమెకి దెబ్బలు పడతాయి. మహిళల హెల్ప్‌లైన్ 181, అత్యవసరానికి 112. 2005 గృహహింస చట్టం కింద రక్షణాధికారి ద్వారా కోర్టు నుంచి రక్షణ ఉత్తర్వు, ఇంట్లో ఉండే హక్కు అడగవచ్చు. పిల్లల మీద లైంగిక నేరమైతే సంఘంలో మాట్లాడుకోవడానికే లేదు. 2012 పోక్సో చట్టం సెక్షన్ 19 ప్రకారం తెలిసినవాళ్ళు పోలీసులకి చెప్పి తీరాలి, చెప్పకపోవడమే నేరం. పిల్లల హెల్ప్‌లైన్ 1098.

ఆమెకి వాక్యం కావాలంటే దావీదు, సౌలుల సంగతి చూపించండి. తనని చంపాలని తరుముతున్న సౌలు రాజుని దావీదు రెండుసార్లు చంపగలిగీ చంపలేదు. కానీ 1 సమూయేలు 26:13లో చాలా దూరంలో కొండమీద నిలబడి మాట్లాడాడు. సౌలు "నాయనా, తిరిగి రా" అని పిలిచినా ఆ ఇంటికి వెళ్ళలేదు. పగ పెట్టుకోలేదు, దగ్గరికీ వెళ్ళలేదు. ఒక పట్టణంలో హింసిస్తే ఇంకో పట్టణానికి పారిపొమ్మని మత్తయి 10:23లో ప్రభువే చెప్పాడు.

---

తపస్సుకాలం_ఫ్రేజర్‌టౌన్

మా కతోలికుల వైపు నుంచి రెండు మాటలు. శుక్రవారాల్లో మేము సిలువ మార్గం చేస్తాం, యేసు సిలువ ప్రయాణాన్ని గుర్తుచేసే పద్నాలుగు స్థలాల దగ్గర ధ్యానం. మీ కూడికల్లో పద్నాలుగూ చేయనక్కర్లేదు. ఐదో స్థలం, సీమోను సిలువ మోయడం, పైన చెప్పిన రెండు మైళ్ళ మాటతో కలుస్తుంది. ఎనిమిదో స్థలం యెరూషలేము స్త్రీలు, లూకా 23:27-31, ఆరో వారం కన్నీళ్ళతో కలుస్తుంది.

రెండోది హెచ్చరిక. మంచి శుక్రవారం ప్రసంగాలు, యూత్ వేసే సిలువ నాటకాలు యూదుల మీద ద్వేషంగా మారకుండా చూసుకోండి. యూరప్‌లో శతాబ్దాల పాటు పవిత్ర వారంలో యూదుల మీద దాడులు జరిగాయి. మా మంచి శుక్రవారం ప్రార్థనలో యూదులని కించపరిచే మాటని 1959లో 23వ జాన్ పోప్ గారు తీయించారు. ప్రభువు మరణానికి అప్పటి యూదులందరినీ గాని, ఇప్పటి యూదులని గాని బాధ్యుల్ని చేయకూడదని 1965 అక్టోబర్ 28న వాటికన్ మహాసభ ప్రకటించింది. అహింస మీద ఆరు వారాలు ధ్యానించి, చివరి రోజు నాటకంలో ఒక జాతిని రాక్షసులుగా చూపిస్తే అంతా వృథా. గుంపు వేషాలకి వంకర ముక్కులు, కర్కశ గొంతులు వద్దు. పిలాతు చేతులు కడుక్కునే ఘట్టంలో రోమా అధికారాన్ని స్పష్టంగా చూపించండి, సిలువ వేసింది రోమా సైనికులే.

ఇంకో సంగతి కూడా మీకు పనికొస్తుంది. లోకంలో సమాధానం గురించి అదే పోప్ గారి లేఖ "పాచెమ్ ఇన్ తెర్రిస్" 1963 ఏప్రిల్ 11న వెలువడింది, ఆ రోజు పవిత్ర గురువారం. మరునాడు మంచి శుక్రవారం అమెరికాలోని బర్మింగ్‌హామ్‌లో మార్టిన్ లూథర్ కింగ్ అరెస్టయ్యారు.

---

యూత్_కోఆర్డినేటర్_కె.ఆర్.పురం

ఆ బర్మింగ్‌హామ్ దగ్గర నుంచే రెండో ప్రశ్నకి వస్తాను. నల్లజాతివాళ్ళ మీద వివక్షకి వ్యతిరేకంగా ఆ ఉద్యమం 1963 ఏప్రిల్ 3న, ఈస్టర్‌కి పదకొండు రోజుల ముందు మొదలైంది. ఈస్టర్‌కి జనం కొత్త బట్టలు కొనే సమయం కాబట్టి దుకాణాల బహిష్కరణ గట్టిగా తగిలింది. లెంట్‌లో ఖర్చు మానుకోవడం వాళ్ళ చేతిలో అహింసాయుధమైంది. కింగ్ జైల్లో రాసిన లేఖలో నాలుగు మెట్లు చెప్పారు: అన్యాయం నిజంగా ఉందో లేదో వాస్తవాలు సేకరించడం, చర్చలు, తమని తాము శుద్ధి చేసుకోవడం, ఆ తర్వాతే ప్రత్యక్ష చర్య. శుద్ధి అంటే శిక్షణ. కొట్టినా తిరిగి కొట్టకుండా ఉండగలవా, జైలు తట్టుకోగలవా అని పదేపదే అడిగేవారు, తిట్లూ తోపులాటా నటించి సాధన చేయించేవారు. చేరిన ప్రతివాళ్ళూ పది నియమాల కార్డు మీద సంతకం పెట్టారు. మొదటి నియమం రోజూ యేసు బోధనీ జీవితాన్నీ ధ్యానించడం. రెండోది, మనం కోరేది న్యాయం, సమాధానం, గెలుపు కాదు అని గుర్తుంచుకోవడం. ఎనిమిదోది పిడికిలి హింస, నాలుక హింస, హృదయ హింస మానడం.

మీ సంఘానికి ఆ ఎనిమిదో నియమం ఒక్కటి చాలు. చిన్న కార్డు అచ్చు వేయించండి, పిడికిలి, నాలుక, హృదయం అని మూడు గళ్ళు, ఆరు వారాలు. రాత్రి పడుకునేముందు ఎవరికి వాళ్ళు గుర్తు పెట్టుకోవాలి. కార్డులు వెనక్కి తీసుకోవద్దు, కూడికలో చదివించొద్దు. లెక్క చూస్తారంటే అందరూ మంచి గుర్తులే పెడతారు.

నాలుక అంటే ఇప్పుడు వాట్సాప్ కూడా. సంఘం గ్రూప్‌కి లెంట్ వరకు మూడు నియమాలు పెట్టండి. ఎవరి మీదైనా ఫిర్యాదు గ్రూప్‌లో రాయకూడదు, ఆ మనిషికే ఫోన్ చేయాలి, మత్తయి 18:15 అదే. ఎక్కడో దాడి జరిగిందన్న వీడియో వస్తే తేదీ, ఊరు తేలేదాకా పంపకూడదు, పాత వీడియోలు కొత్త పేరుతో తిరుగుతాయి. నిజమని తేలితే ప్రార్థన అంశంగా రాయండి, రక్తపు దృశ్యాలు పెట్టకండి. రాత్రి పది తర్వాత జవాబు రాయకూడదు.

ఐదో వారం పని మీ గుడిలోనే ఉంది. మూడు భాషల ఆరాధనలు ఒకే కట్టడంలో అంటే గొడవలు ఎక్కడొస్తాయో ముందే తెలుసు: ముందు ఆరాధన ఆలస్యంగా ముగియడం, సౌండ్ బాక్స్ సెట్టింగులు మార్చేయడం, బండ్ల పార్కింగ్. మార్చి 12కి ముందే మూడు సంఘాల నుంచి ఇద్దరేసి కూర్చుని ఆరాధనకీ ఆరాధనకీ మధ్య ఇరవై నిమిషాల ఖాళీ రాసుకోండి. మిక్సర్ మీద ఒక్కో భాషకి సెట్టింగ్ ఫోటో తీసి అంటించండి. పార్కింగ్‌కి వంతుల పట్టిక వేయండి. 2016 సెప్టెంబర్‌లో కావేరి గొడవలప్పుడు ఈ ఊళ్ళో తమిళనాడు నంబర్ ప్లేట్లు చూసి బండ్లు తగలబెట్టారు. అలాంటి రోజు మళ్ళీ వస్తే కన్నడ, తమిళ సంఘాల పెద్దల ఫోన్ నంబర్లు మీ దగ్గర ఉండాలి. అప్పటికప్పుడు వెతుక్కుంటే దొరకవు.

2027లో రంజాన్ కూడా ఫిబ్రవరి రెండో వారం ప్రాంతంలోనే మొదలవుతుంది, నెలవంకని బట్టి ఒక రోజు అటూఇటూ. మీ ఇళ్ళ పక్కన ముస్లిం కుటుంబాలుంటే సాయంత్రం ఖర్జూరం, పళ్ళు తీసుకెళ్ళండి. ఆ రోజు కరపత్రాలు, సువార్త పుస్తకాలు వెంట తీసుకెళ్ళొద్దు. 1219లో క్రూసేడ్ యుద్ధం నడుస్తుండగానే ఇటలీ సన్యాసి అస్సీసీ ఫ్రాన్సిస్ ఈజిప్టులోని దమియెత్తా దగ్గర శత్రుశిబిరంలోకి వెళ్ళి ఈజిప్టు సుల్తాన్ అల్ కామిల్‌ని కలిశాడు. ప్రాణాలతో తిరిగొచ్చాడు.

---

వైట్‌ఫీల్డ్_తెలుగు_సంఘం

అందరికీ వందనాలు, ఇంత వివరంగా రాసినందుకు కృతజ్ఞతలు. పాదాలు కడిగే ఆరాధనలో పిలవకూడదని పెద్దలకి చెబుతాం, యిర్మీయా 6:14 చూపించి. ఒక సందేహం. ఆ రెండు కుటుంబాలూ గృహ కూడికలకి వస్తారు. వాళ్ళ ఇళ్ళల్లో కూడిక పెట్టాలా వద్దా? పెట్టకపోతే చిన్నబుచ్చుకుంటారు.

---

లింగరాజపురం_అక్క

పెట్టండి, ఇద్దరి ఇళ్ళల్లోనూ. ఒకరి ఇంట్లో పెట్టి ఇంకొకరి ఇంట్లో పెట్టకపోతే మీరూ ఒక పక్షం అయిపోతారు. కానీ వరుస వారాల్లో వద్దు, మధ్యలో కనీసం ఒక ఇల్లు ఉండాలి. అవతలి కుటుంబం ఆ రోజు రాకపోతే ఎందుకు రాలేదని అడగకండి, ఎవరూ వ్యాఖ్యానించకుండా ముందే నలుగురికీ చెప్పి ఉంచండి. 1 సమూయేలు 25 వారం మాత్రం వాళ్ళిద్దరి ఇళ్ళూ కాకుండా మూడో ఇంట్లో పెట్టండి. నాబాలు ఎవరో వెతికే కళ్ళు ఆ రోజు ఇంటివాళ్ళ మీదే ఉంటాయి. ఎఫెసీ 2 కూడా అంతే. మొదటి వారం, మూడో వారం వాళ్ళకి ఇచ్చేయండి. మధ్యవర్తులు ఆ రెండు రోజులూ హాజరవ్వాలి కానీ గొడవ మాట ఎత్తకూడదు.